ఆరో క్లాసుకి పాపని ఏ బడిలో వెయ్యాలి

బెంగుళూరు కేఆర్ పురంలో మా పాపకి అయిదో క్లాసు అయిపోతా ఉంది, జూన్ నుంచి ఊర్లో మా అమ్మ దగ్గరుంచి గవర్నమెంటు బడిలోనే చదివిద్దామని నేనూ మా ఆవిడా అనుకున్నాం. మా ఊరు కుప్పం పక్కన చిన్న టౌను. ఒంటిపూట బడులు మొదలయ్యే లోపలే చూడాలని రెండు రోజులు లీవు పెట్టి పోయి రెండు బళ్ళూ చూసొచ్చినా.

బెంగుళూరులో 6, 7 ప్రైమరీ కిందికే వస్తాయి, హైస్కూలంటే 8 నుంచి. మా పక్క 6 నుంచే జడ్పీ హైస్కూలు. మా ఆవిడ బెంగుళూరులోనే పుట్టి పెరిగిన మనిషి, అందుకే "ఇంత చిన్నపిల్లని పదో క్లాసోళ్ళ మధ్యలో ఎట్లా వేస్తావు" అని భయపడింది.

ఒకటి పెద్ద బడి. నాడు-నేడు పథకంలో బాగా కట్టినారు, బాత్రూముల్లో నీళ్ళొస్తా ఉన్నాయి, గేటు మీద పదో క్లాసు రిజల్ట్స్ ఫ్లెక్సీ. హెచ్చెం సారు కూర్చోబెట్టి ఓపిగ్గా మాట్లాడినారు. కానీ ఆరో క్లాసు ఒకటే సెక్షను, ఒకే రూములో 58 మంది. విద్యాహక్కు చట్టంలో 6 నుంచి 8 దాకా 35 మందికి ఒక టీచరుండాలని ఉంది. లెక్కల సారు మంచోరే, అన్ని నోటుబుక్కులు ఎప్పుడు దిద్దుతారు?

అందరూ పదో క్లాసు రిజల్ట్స్ చూసే బడి ఎంచుకుంటారు, నాకది సరిగ్గా అనిపించలేదు. పదికొచ్చేసరికి స్టడీ అవర్లు పెట్టి ఎట్లోకట్లా గట్టెక్కిస్తారు, 6, 7, 8లో ఏం చెప్పినారో దాంట్లో కనపడదు. దానికి ఎన్ఎంఎంఎస్ అడగాలి. గవర్నమెంటు, ఎయిడెడ్ బళ్ళలో ఎనిమిదో క్లాసు పిల్లలు రాసే స్కాలర్‌షిప్ పరీక్ష అది, వస్తే తొమ్మిది నుంచి ఇంటర్ అయ్యేదాకా ఏడాదికి 12,000. ఏడు, ఎనిమిది క్లాసుల లెక్కలు, సైన్సు, సోషల్ మీదే సగం పరీక్ష, కాబట్టి మధ్య క్లాసుల్లో చదువు చెప్పిన బడికే వస్తుంది. పెద్ద బడిలో అడిగితే పోయినేడు ఎవరికీ రాలేదన్నారు.

రెండోది చిన్న బడి, ఆరో క్లాసులో 27 మంది, అక్కడ ముగ్గురికి వచ్చింది. ఎనిమిదో క్లాసు పిల్లల్ని లెక్కల మేడమ్ రోజూ గంట ముందే పిలిపించి ప్రాక్టీసు చేయిస్తుందంట. ఒక పాప నోటుబుక్కు అడిగి చూసినా, ముందురోజు లెక్క దాకా ఎర్రసిరాతో దిద్దుంది, తప్పు ఎక్కడొచ్చిందో పక్కనే రాసుంది. ఆ పేజీ చూసినాక నా మనసు అక్కడే ఆగిపోయింది.

లోపాలు లేవని కాదు. రెండు సైన్సులకీ ఒకరే టీచరు, గ్రౌండు లేదు, దార్లో మెయిన్ రోడ్డు దాటాల. పక్కింటి పాప ఏడో క్లాసు అక్కడే, దానితో కలిపి పంపిస్తానని మా అమ్మ ధైర్యం చెప్పింది.

ఇంక మిగిలింది తెలుగు. పాపకి కన్నడ బాగా వచ్చు, తెలుగు కూడబలుక్కుని చదువుతుంది గానీ రాయమంటే తలకట్టు కన్నడలో మాదిరి అడ్డంగా గీసేస్తుంది. తెలుగు మేడమ్‌కి చెప్తే "జూన్ దాకా రోజుకో పేజీ రాయించండి సార్, మిగిలింది నేను చూసుకుంటా" అనింది. నిన్న రాత్రి నుంచి మొదలుపెట్టినాం, మొదటి పేజీలో అవ్వ పేరు రాసింది.