నవ్వు కోసం వదిలిన ఖాళీ

ఆదివారం, రాత్రి

పొద్దుటి నుంచీ ఒకటే ముసురు. పాతకాలపు హాలీవుడ్ హాస్యనటి మేరీ డ్రెస్లర్ సినిమాలు రెండు వెంటవెంటనే చూశాను. ఒకటి 1914 నాటి మూకీ ‘టిల్లీస్ పంక్చర్డ్ రొమాన్స్’, రెండోది 1933 నాటి టాకీ ‘డిన్నర్ ఎట్ ఎయిట్’. రెండింటికీ మధ్య 19 ఏళ్లు. మనిషి అదే, ఒళ్లూ అదే, మొహంలో ఆ బుల్‌డాగ్ పోలికా అదే. హాస్యం చేసే తీరే మారింది. ఏం మారిందో పట్టుకుందామని కూర్చుంటే పూటంతా గడిచిపోయింది.

మూకీ దగ్గర ముందు వేగం సంగతి తేల్చుకోవాలి. అప్పట్లో కెమెరా హ్యాండిల్ చేత్తో తిప్పేవారు, సెకనుకు సుమారు 16 ఫ్రేములు, అంటే 16 బొమ్మలు. అదే రీలును టాకీల లెక్కన 24 ఫ్రేములతో ఆడిస్తే కింద పడటానికి పట్టిన మూడు సెకన్లు రెండు సెకన్లలో ముగిసిపోతుంది. సన్నటి నటుడైతే అది గంతులా ఉండి నవ్వొస్తుంది. డ్రెస్లర్‌ విషయంలో మాత్రం నష్టమే. ఆమె హాస్యమంతా బరువులో ఉంది. కింద పడే ముందు ఆ భారీ శరీరం ఎటు ఒరగాలో తేల్చుకోలేక ఊగే క్షణం ఒకటుంటుంది. వేగం పెంచితే మొదట ఎగిరిపోయేది అదే. వెయ్యి అడుగుల రీలు 16 ఫ్రేముల లెక్కన పదహారు నిమిషాల పైచిలుకు నడుస్తుంది, 24 లెక్కన పదకొండు నిమిషాలే. ఆరు రీళ్ల సినిమా గంటా పది లోపు అయిపోయిందంటే, ఆ ప్రింటు చూసి ఆమె నటనను తీసిపారేయకూడదు. ఇవాళ మొదట అలాంటిదే పెట్టాను. ఆపేసి, వేగం తగ్గించి మళ్లీ మొదలుపెట్టాను.

1914లో ఆ మూకీ తీసేనాటికి ఆమెకు నలభై అయిదేళ్లు. కెనడాలోని కోబోర్గ్‌లో 1868లో పుట్టింది. పద్నాలుగేళ్లకే ఇల్లు వదిలి తిరుగుడు నాటక కంపెనీల్లో చేరింది, 1892 నాటికి న్యూయార్క్ పెద్ద నాటకశాలలుండే బ్రాడ్వే మీదికొచ్చింది. 1910లో ‘టిల్లీస్ నైట్‌మేర్’ నాటకంలో బోర్డింగ్ హౌసులో చాకిరీ చేసే పిల్లగా వేసింది. ఆ టిల్లీనే కీస్టోన్ అనే హాస్య సినిమాల సంస్థలో దర్శకుడు మ్యాక్ సెన్నెట్ తెరకెక్కించాడు. చార్లీ చాప్లిన్, మేబుల్ నార్మండ్ పక్కన ఉన్నా సినిమా ఈమె పేరు మీద నడిచిందే. సినిమా మొదట్లో డ్రెస్లర్ నాటకాల తెర ముందుకొచ్చి నిలబడుతుంది, అక్కడే టిల్లీగా మారిపోతుంది. రంగస్థలం వాసన ఇంకా వదల్లేదన్నమాట.

ఆ వాసన నటనలోనూ ఉంది. బాల్కనీ చివరి వరసకు అందేలా కనుబొమలు, భుజాలు, చేతులు మూడూ ఒకేసారి కదుపుతుంది. స్టేజి మీద అది అవసరం. కెమెరా దగ్గరికొచ్చినప్పుడు మాత్రం మూడింట్లో రెండు ఎక్కువే. అయినా ఇటుక విసిరి, అది తగిలినవాణ్ణి చూసి సిగ్గుపడే చోట ఒంటి బరువూ, చిన్నపిల్ల బిడియమూ ఢీకొంటాయి. ఆ ఢీయే ఆమె సొత్తు. బొద్దుగా ఉండటం దానంతట అది హాస్యం కాదు. తాను నాజూకైనదాన్నని ఆ మనిషి గట్టిగా నమ్మాలి, అప్పుడే నవ్వొస్తుంది.

ఆ తర్వాతి ఏళ్లు గడ్డువి. 1919లో న్యూయార్క్ నటుల సమ్మెలో కోరస్ పిల్లల, అంటే నాటకాల్లో గుంపుగా ఆడిపాడే అమ్మాయిల, పక్షాన నిలబడింది. రిహార్సళ్లకు జీతం ఉండదు, బట్టలూ చెప్పులూ సొంత డబ్బుతో కొనుక్కోవాలి. వాళ్ల గొడవ అదీ. వాళ్ల కోసం పుట్టిన కోరస్ ఈక్విటీ సంఘానికి తొలి అధ్యక్షురాలు ఈమే. తర్వాత వేషాలు తగ్గాయి. 1927లో రచయిత్రి ఫ్రాన్సెస్ మారియన్ పూనుకుని హాలీవుడ్ స్టూడియో ఎంజీఎంలో వేషం ఇప్పించింది. ఆ సినిమా ఐరిష్ వాళ్ల నిరసనతో వెనక్కి పోయిందనుకోండి, అయినా తలుపైతే తెరుచుకుంది.

శబ్దం వచ్చాక మూకీ తారలు చాలామంది తడబడ్డారు. ఈమెకు మాత్రం అది కలిసొచ్చింది. అందుకు కారణం గొంతు అంటారు అందరూ. నా లెక్కలో అసలు సంగతి విరామం. స్టేజి మీద జోకు పడ్డాక జనం నవ్వే దాకా నటుడు ఆగుతాడు; నవ్వు పైకెళ్లి, కిందికి దిగడం మొదలవగానే తర్వాతి మాట అందుకుంటాడు. (మన పద్యనాటకాల్లో వన్స్ మోర్ కోసం ఆగడం ఇంకో రకం జబ్బు.) సినిమా సెట్లో ఆ నవ్వు వినపడదు. ఆగకపోతే హాల్లో నవ్వు తర్వాతి డైలాగును మింగేస్తుంది. ఊరికే ఆగితే, జనం నవ్వని ఆటలో ఆ ఖాళీ చచ్చిన ఖాళీలా కనిపిస్తుంది. తొలి టాకీల్లో ఈ రెండు తప్పులూ బోలెడు.

డ్రెస్లర్ ఆ ఖాళీలో ఏదో ఒక పని పెడుతుంది. బొచ్చు కోటు సర్దుకోవడం, గడ్డం లోపలికి లాక్కోవడం, ఎదుటివాళ్లను పైనుంచి కిందికి చూడటం. హాలు నవ్వితే అది నవ్వు కింద దాగిపోతుంది, నవ్వకపోతే పాత్ర స్వభావంగా చెల్లిపోతుంది. రెండు విధాలా నష్టం లేదు.

1930 నాటి ‘మిన్ అండ్ బిల్’లో రేవు పక్క పూటకూళ్లింటి మిన్‌గా వేసినందుకు ఆస్కార్ వచ్చింది. 1931 నవంబర్ 10న అందుకుంది, అరవై మూడో పుట్టినరోజు మర్నాడు. 1932, 1933లలో అమెరికా థియేటర్ యజమానుల ఓటింగులో మొదటి స్థానం ఆమెదే. అందగత్తెలందరినీ దాటి! 1934 జులై 28న క్యాన్సర్‌తో పోయింది.

‘డిన్నర్ ఎట్ ఎయిట్’ చివరి నడక నాలుగుసార్లు చూశాను, రెండుసార్లు శబ్దం తీసేసి. పక్కన నడుస్తున్న అందాల తార జీన్ హార్లో తానో పుస్తకం చదివానంటుంది. ఆ మాట చెవిన పడటానికీ, ఒళ్లు దాన్ని నమ్మలేకపోవడానికీ మధ్య రెప్పపాటు తేడా. కుదుపు మొహంతో మొదలవదు, కాళ్లతో మొదలవుతుంది. నడక తెగుతుంది, నడుం పైభాగం వెనక్కి తూలుతుంది, చూపు ఆ తర్వాతే తిరుగుతుంది. ఇలా ఓ క్షణం ఆలస్యంగా ఉలిక్కిపడటాన్నే డబుల్ టేక్ అంటారు. దాన్ని చెడగొట్టేవాళ్లు చూపుతో మొదలుపెడతారు. అప్పుడది ఒట్టి ఆశ్చర్యం. శబ్దం లేకుండానూ నవ్వొచ్చింది. 1914లో పడబోతూ ఊగిన ఆ ఊపే ఇది, ఈసారి పడలేదంతే.