ఒంట్లో చేరిన రాగి

విల్సన్ వ్యాధి అన్న పేరు మా రాజోలు ప్రాంతంలో నేను అంతకు ముందు ఎవరి నోటా విని ఎరుగను. 1912లో కిన్నియర్ విల్సన్ అనే నాడీ వైద్యుడు వివరంగా వర్ణించిన ఈ జబ్బులో, తిండితో పాటు ఒంట్లోకి వచ్చే రాగి బయటికి పోయే దారి లేక కాలేయంలో, మెదడులో, కళ్లలో పేరుకుంటుంది. ఇప్పుడు నేను బడిలో జీవశాస్త్రం పాఠం చెప్పగలుగుతున్నాను, బోర్డు మీద తిన్నగా రాయగలుగుతున్నాను కాబట్టి ధైర్యం చేసి ఇది రాస్తున్నాను.

డిగ్రీ చివరి సంవత్సరంలో ముందుగా నా దస్తూరీ మారింది. అక్షరాలు చిన్నవైపోయి ఒకదాని మీద ఒకటి ఎక్కేవి. నాన్నకు కాఫీ గ్లాసు అందించబోతే సగం నేలపాలయ్యేది. మాట ముద్దగా వచ్చేది, తెలియకుండానే పెదవి చివర చొంగ కారేది. మమ్మల్ని చూసిన వైద్యుడు నన్ను చెయ్యి చాచమని కూడా అడగలేదు. "చదువు ఒత్తిడండీ, సంబంధం చూసి పెళ్లి చేసేయండి, అన్నీ సర్దుకుంటాయి" అని నాన్నతో అని, నిద్రమాత్రలు రాసిచ్చి పంపించారు. ఆ మాట పట్టుకుని మా ఇంట్లో నిజంగానే సంబంధాలు చూశారు. నా వణుకు ఒక మొండితనమని, నటన అని చుట్టాలు నమ్మారు. అప్పుడే ఒక్క రక్తపరీక్ష రాసి ఉంటే నా కాలేయం అంత గట్టిపడేది కాదన్న కోపం నాకు ఇంకా తీరలేదు, తీరాలని కూడా అనుకోవడం లేదు.

మా అత్తయ్య మాత్రం నా మీద ప్రేమతో ఒక రాగి చెంబు తెచ్చి, రాత్రి నీళ్లు పోసి పరగడుపున తాగితే నరాలకు బలమని చెప్పింది. రాగిని వెళ్లగొట్టలేని ఒంట్లోకి రోజూ రాగి నీళ్లే పోశాం. ఆమె మీద నాకు ఏ కోపమూ లేదు.

నన్ను బతికించింది అమలాపురంలోని ఒక కంటి వైద్యుడు. కళ్లద్దాల కోసం వెళ్తే, యంత్రం ముందు గడ్డం ఆనించి చూసినవారు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నల్లగుడ్డు అంచు చుట్టూ ఆకుపచ్చ, గోధుమ రంగులు కలిసిన సన్నని వలయం ఉందని నాన్నకు కూడా చూపించారు. ఇది కంటి జబ్బు కాదనీ, రాగి జబ్బు అనిపిస్తోందనీ, ఆలస్యం చేయకుండా హైదరాబాదు తీసుకెళ్లమనీ చెప్పి, ఫీజు వద్దన్నారు. ఆయనకు మా ఇంటిల్లిపాదీ దండం పెట్టుకుంటాం. హైదరాబాదులో రక్తంలో రాగిని మోసే సెరులోప్లాస్మిన్ అనే ప్రోటీను పరీక్ష, 24 గంటల మూత్రంలో రాగి లెక్క, తల స్కానింగు, అన్నీ అదే మాట చెప్పాయి.

అసలు రాగి విషమేమీ కాదని అక్కడి డాక్టరమ్మ చెప్పినప్పుడు నాకు ఆశ్చర్యం వేసింది. పెద్దవారి ఒంట్లో ఉండే రాగి మొత్తం దాదాపు 100 మిల్లీగ్రాములే, రోజుకు కావలసింది ఒక మిల్లీగ్రాము లోపు. ఆ రవ్వంతే కణాల మధ్య, కణాల లోపల మాటలు నడుపుతుంది. కణం పెరగాలన్న సంకేతాన్ని మోసే వరుసలో ఎం.ఇ.కె.1 అనే ఎంజైము సరిగ్గా పనిచేయాలంటే దానికి రాగి అంటుకోవాలి. నాడీకణాలు కలిసే చోట రాగి, జింకు అయాన్లు విడుదలై, అవతలి కణం ఎంత స్పందించాలో సవరిస్తాయి. కాలేయ కణంలో రాగి పెరిగితే ఆ పెరుగుదలే సంకేతమై, ఏ.టి.పి.7బి అనే ప్రోటీను తన చోటు వదిలి పైత్యరసం పారే అంచుకు కదిలి, అదనపు రాగిని బయటికి తోస్తుంది. 1993లో గుర్తించిన ఆ ప్రోటీను జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ చెడినదే వస్తే, సంకేతం అందినా కదిలేవారుండరు. మురుగు కాలువ పూడిపోయిన చేను మా డెల్టాలో ఎలా కుళ్లుతుందో నా కాలేయం అలాగే అయింది.

ఒంట్లోని రాగిని మూత్రంలోకి లాగేసే పెనిసిలమిన్ అనే మందు మొదలుపెట్టి ఇంటికి వచ్చాం. కొందరిలో ఆ మందు వేసిన కొత్తలో నరాల లక్షణాలు ముందు ముదురుతాయని డాక్టరమ్మ హెచ్చరించారు గానీ, అది ఎలా ఉంటుందో మాకు తెలియదు. వరద రోజులు. గోదావరి పొంగి, నరసాపురానికి ఏరు దాటించే పంటు ఆపేశారు. ఆ రాత్రి మింగబోయిన నీళ్ల గుక్క గొంతులో అడ్డుపడింది, దవడ బిగుసుకుంది, అమ్మను పిలుద్దామంటే నాలుక కదలలేదు. వానలో చించినాడ వంతెన మీదుగా కారులో తీసుకెళ్లారు. ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు నా కళ్లలోకి టార్చి వేసి, "మెదడు పోయిందమ్మా, ఇక ఈ అమ్మాయికి మనం చెప్పేవేమీ తెలియవు" అన్నాడు. నాకు అన్నీ తెలుస్తున్నాయి. అమ్మ చీర చెంగు నోట్లో కుక్కుకోవడం తెలుస్తోంది, నాన్న గోడకు ఆనుకుని కూర్చుండిపోవడం తెలుస్తోంది. వింటున్నానని చెప్పడానికి నాకు ఒక్క వేలు కూడా మాట వినలేదు. ఈ జబ్బులో మాట పోయినా తెలివి అలాగే నిలిచి ఉండగలదని ఆ డాక్టరుకు ఎవరూ నేర్పలేదా? రోగి ముందు నిలబడి రోగి లేనట్టు మాట్లాడే వైద్యులందరికీ నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: మేము వింటూ ఉంటాం. తెల్లవారుజామున ఆయాగా పనిచేసే ఒక పెద్దావిడ నా పెదవులు తడిగుడ్డతో తుడిచి, "అన్నీ వింటన్నావు కదమ్మా, నీ కళ్లు చెబుతున్నాయి" అంది. నాకు కన్నీళ్లు ఆగలేదు. అమ్మ అంతర్వేది నరసింహస్వామికి మొక్కుకున్నది అప్పుడే.

డాక్టరమ్మ ఫోనులోనే మోతాదు తగ్గించారు, తరువాత నెమ్మదిగా పెంచారు. కొన్ని నెలలకు మాట తేటపడింది. ఇప్పుడు జింకు మాత్రలతో నడుస్తోంది. జింకు చేసే పని నాకు ఎంతో ఇష్టమైన పాఠం. అది పేగు గోడ కణాల్లోకి వెళ్లి తానే ఒక సంకేతమై, మెటలోథయోనిన్ అనే ప్రోటీనును ఎక్కువగా తయారుచేయిస్తుంది. ఆ ప్రోటీను తిండిలోని రాగిని గట్టిగా పట్టుకుని వదలదు. కొద్ది రోజుల్లో ఆ కణం రాలిపోతుంది, రాగి కూడా దానితో పాటే వెళ్లిపోతుంది. మాత్రను తిండితో కలపకుండా వేసుకోవాలి, బాగుందనిపించినా జీవితాంతం మానకూడదు. మానేసినవారికి కాలేయం ఒక్కసారిగా చెడిపోయి ప్రాణం మీదికి వచ్చిన సందర్భాలున్నాయి. పీతలు, రొయ్యలు, కాలేయం, జీడిపప్పు నేను తినకూడదు. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లినప్పుడు స్వామికి దండం పెట్టుకున్నాను, మాత్ర మాత్రం వేళకే వేసుకున్నాను.

అమ్మానాన్నలది మేనరికం. తోబుట్టువులకు ఈ జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం ఉంటుందని తమ్ముడికి పరీక్ష చేయిస్తే, పైకి ఏ లక్షణమూ లేకపోయినా వాడికీ ఉందని తేలింది. వాడు అప్పటి నుంచే జింకు వేసుకుంటున్నాడు, వాడి చెయ్యి ఒక్కనాడూ వణకలేదు. మా మావయ్యదీ మేనరికమే. సంబంధాలు చెడిపోతాయని ఆయన కూతురికి ఇంతవరకు పరీక్ష చేయించలేదు. మావయ్యా, నువ్వు ఇది చదువుతావని నాకు తెలుసు. పిల్ల ఈ దసరా సెలవులకు వస్తుంది. కాలేయ పరీక్షలు, సెరులోప్లాస్మిన్, కంటి పరీక్ష చేయించు. నీకు వీలుకాకపోతే నేనే అమలాపురం తీసుకెళ్తాను.