బుజ్జీ, ఇందాక ఎంతొచ్చిందే?

విరేచనాలు తగ్గిన కొన్నాళ్లకు అరికాళ్లలో తిమ్మిర్లు మొదలయ్యాయి. షుగరేమో అనుకున్నాం. తెల్లారేసరికి మెట్లు ఎక్కలేకపోయాను, ఆ మర్నాడు మంచం మీంచి లేవలేకపోయాను. వెన్నులోంచి నీరు తీసి, నరాల పరీక్ష కూడా చేసి జీబీఎస్ అన్నారు డాక్టరు గారు. గిలన్ బారీ సిండ్రోమ్. 2025 మొదట్లో పుణెలో చాలామందికి వచ్చినప్పుడు మన పేపర్లలోనూ ఈ పేరు కనిపించింది. ఇన్ఫెక్షన్‌తో పోరాడాల్సిన రోగనిరోధక శక్తి నరాల మీదే దాడి చేస్తుంది. నీరసం పాదాల నుంచి పైకి పాకుతుంది. ఊపిరి తీసే కండరాల దాకా వస్తే వెంటిలేటరే.

అందుకే ఐసీయూలో నన్ను ఒక్క ఊపిరితో అంకెలు లెక్కపెట్టమనేవారు. ఇరవై లోపే ఆగిపోతుంటే జాగ్రత్త పడాలట. రాత్రిళ్లు నాకు నేనే లెక్కపెట్టుకునేదాన్ని. 'నాకు ఊపిరి అందట్లేదు, నేను పోతున్నాను, నా పిల్లలు ఏమైపోతారు?' అదే తిరిగి తిరిగి వచ్చేది, గుండె దడ ఇంకా పెరిగేది.

ఒక రాత్రి ఎందుకో "బుజ్జీ, ఇందాక ఎంతొచ్చిందే?" అనుకున్నాను. అది నాయనమ్మ పిలుపు. ఆవిడ పోయాక నన్నెవరూ అలా పిలవలేదు. అడిగితే జవాబు చెప్పాలి కదా! పొద్దున ఎంతొచ్చిందో ఇప్పుడూ అంతే వచ్చింది. "మరి తగ్గలేదుగా, పడుకో." పడుకున్నాను.

ఇంటికొచ్చాక చదివాను. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన ఈథన్ క్రాస్ బృందం 2014లో ఇదే విషయం మీద పరిశోధన ప్రచురించింది. ఉపన్యాసం ఇవ్వబోయే ముందు 'నేను' అనుకున్నవాళ్ల కంటే సొంత పేరుతో తమను పిలుచుకున్నవాళ్లు బాగా మాట్లాడారట, తర్వాత తక్కువ మథనపడ్డారట. మనకిది కొత్తేం కాదు. త్యాగరాజస్వామి ఎన్ని కీర్తనల్లో 'మనసా' అని పిలిచి తనను తాను అడగలేదు!

కానీ నా అనుభవంలో ఏ పిలుపు పడితే అది పనిచేయదు. "ఏంటే నువ్వు, చెంచా కూడా పట్టుకోలేవా?" అనుకున్న పూట చెయ్యి ఇంకా వణికేది. ఆ పిలుపులో మనల్ని ప్రేమించిన మనిషి గొంతు ఉండాలి.

ఈ జబ్బుకిచ్చే ఇమ్యునోగ్లోబులిన్ మందు ఎక్కించడం అయిపోయాక ఫిజియోథెరపీ మొదలైంది. అది చేయించే అమ్మాయి ఎప్పుడూ "లేవండి" అనేది కాదు, "మనం లేద్దాం మేడమ్" అనేది. నేనూ అదే పట్టుకున్నాను. వాకర్‌తో వరండాలో తిరుగుతూ "ఆ గుమ్మం దాకా వెళ్దాం బుజ్జీ" అనుకునేదాన్ని. నరాలు కోలుకోవడానికి నెలలు పడుతుంది. ఇప్పటికీ సాయంత్రమైతే పాదాలు మొద్దుబారతాయి, కానీ మెట్లు ఎక్కుతున్నాను.

ఈమధ్య ఒకావిడ ఫోన్ చేశారు. వాళ్లాయనకూ ఇదే జబ్బు. మందు గురించి, ఖర్చు గురించి నాకు తెలిసింది చెప్పాను. చిన్నప్పుడు ఆయన్ని ఇంట్లో ఏమని పిలిచేవాళ్లో అత్తగారిని కనుక్కుని, రాత్రిళ్లు భయమేస్తే ఆ పేరుతోనే తనతో తాను మాట్లాడుకోమని చెప్పమన్నాను.