20 బార్ల మినుయెట్, 4 నెలలు

మొదటి వారం

పాత కాగితాల కట్ట విప్పి, మొదలెట్టి వదిలేసిన నా పియానో బాణీల ముక్కలన్నీ లెక్కపెట్టాను. 11 తేలాయి. ఒక్కటీ 8 బార్లు (తాళం ఆవర్తాలు) దాటలేదు. వాటిలో 9 ‘ఏ’ (A) మైనర్ స్కేల్‌లోనే ఉన్నాయి, నల్లమెట్ల జోలికి పోనక్కర్లేదు కాబట్టి.

పియానో నాకెవరూ నేర్పలేదు. విని, చూసి, తప్పులు నొక్కుతూ పట్టుబడిందే. దాంతో వేళ్ళు అలవాటుగా ఎటు పోతే అటు పోవడాన్నే బాణీ కట్టడం అనుకున్నాను. ఆ 11 ముక్కల్లోనూ ఎడమ చెయ్యి చేసే పని ఒకటే. చిటికెనవేలు ‘ఏ’ మీద, చూపుడువేలు దాని పంచమం మీద, బొటనవేలు పై ‘ఏ’ మీద. ఆ పంజా అలాగే ఒక మెట్టు జారి జీ మీదికి, ఇంకో మెట్టు జారి ఎఫ్ మీదికి. వేళ్ళకి భలే సుఖం. కానీ రెండు స్వరాలు ఎప్పుడూ పంచమం దూరంలో జంటగా నడిస్తే చెవికి రెండు గొంతులుగా వినపడవు. ఒక గొంతే కాస్త లావైనట్టు ఉంటుంది. పాత క్లాసికల్ పద్ధతిలో సమాంతర పంచమాలు వద్దనేది ఇందుకే. నేనేమో వాటితోనే ఇల్లంతా కట్టుకున్నాను!

ఈసారి ఒక చిన్న మినుయెట్ (మూడు బీట్ల పాత యూరప్ నాట్య బాణీ) పూర్తి చేయాలి. షరతు ఒక్కటే: మొదటి 8 బార్లు కాగితం మీద పడేదాకా పియానో మూత తీయకూడదు.

మూడో వారం

షరతు పెట్టుకోవడం తేలికే. కాగితం ముందు కూర్చుంటే బుర్రలో ఏమీ మోగడం లేదు. ఇన్నాళ్ళూ విన్నది చెవులు కాదు, వేళ్ళే అని అర్థమై కొంచెం సిగ్గేసింది.

అందుకని వెనక్కి వెళ్ళి కౌంటర్‌పాయింట్ (వేర్వేరు గొంతులని కలిపి నడిపే విద్య) మొదటి మెట్టు పట్టుకున్నాను. ఆస్ట్రియా సంగీతకర్త ఫుక్స్ 1725లో లాటిన్‌లో అచ్చు వేయించిన పాఠ్యగ్రంథంలోని పద్ధతి ఇది. తర్వాతి తరం సంగీతకర్త హైడన్ కూడా చాలావరకు సొంతంగా ఈ పుస్తకంతోనే కుస్తీ పట్టాడు. కింద 11 నోట్ల వరస ఒకటి ఇస్తారు: డీ, ఎఫ్, ఇ, డీ, జీ, ఎఫ్, ఏ, జీ, ఎఫ్, ఇ, డీ. దాని మీద నోటుకి ఒక నోటు చొప్పున ఇంకో గొంతు రాయాలి. కింది గొంతు దిగుతుంటే పైది ఎక్కడం మంచిది. మధ్యలో ఎక్కువగా మూడో, ఆరో దూరాలు (రెండు చివరలూ కలిపి లెక్కపెడితే మూడు, ఆరు స్వరాల ఎడం) రావాలి. ముందు పాడాలి, తర్వాతే రాయాలి.

రోజుకి రెండు చొప్పున పది రోజులు రాశాను. మొదటి ఆరూ చెత్త. ఏడోది పాడుకుంటూ రాస్తే, మొదటిసారి పై గొంతు ఎటు వెళ్ళాలనుకుంటోందో తెలిసింది.

ఐదో వారం

సంగీతకర్త బాఖ్ భార్య అన్నా మాగ్డలేనా నోట్‌బుక్‌లోని జీ మేజర్ మినుయెట్‌ని చేత్తో ఎత్తి రాశాను. చాలాకాలం బాఖ్‌దే అనుకున్నారు గానీ, అది పెట్‌జోల్డ్ అనే ఇంకో సంగీతకర్త రచన. వందలసార్లు వాయించి ఉంటాను, ఎడమ చెయ్యి ఎంత తక్కువ పని చేస్తుందో మాత్రం రాసేటప్పుడే కనపడింది. రెండో బార్ నుంచి ఆరో బార్ దాకా బీ, సీ, బీ, ఏ, జీ. బార్‌కి ఒక్క నోటు, అంతే. పంజా లేదు, గింజా లేదు. అయినా బోసిగా అనిపించదు, ఎందుకంటే ఆ ఒక్క నోటూ తనదైన దారిలో నడుస్తోంది.

ఏడో వారం

నా మొదటి 8 బార్లు వచ్చాయి. డీ మైనర్, మూడు బీట్ల తాళం. ముందు పై బాణీ, దాని కింద బేస్ (అడుగు గొంతు), ఈ రెండే రాశాను. మధ్య గొంతు తర్వాత చూసుకోవచ్చు.

డీ మైనర్‌లో మొదలైన మొదటి సగాన్ని ఎఫ్ మేజర్‌లో ముగించడం మామూలు ఆనవాయితీ. దాటడానికి వంతెనగా జీ మైనర్ కార్డ్ (కలిసి మోగే స్వరాల గుత్తి) వాడాను. డీ మైనర్‌లో అది నాలుగోది, ఎఫ్ మేజర్‌లో రెండోది. అంటే రెండిళ్ళకీ చుట్టమే. దాని తర్వాత సీ సెవెంత్ అనే నాలుగు స్వరాల కార్డ్, ఆపైన ఎఫ్. అప్పటిదాకా సీ షార్ప్ (సీకి అర మెట్టు పైది) వింటున్న చెవికి ఉత్త సీ తగలగానే ఇల్లు మారిందని తెలిసిపోతుంది.

మూడో బార్‌లో చిన్న గొడవ. బాణీ ఏ, బీ ఫ్లాట్ (బీకి అర మెట్టు కిందది), సీ షార్ప్, డీ అని ఎక్కింది. అదంతా అచ్చం కీరవాణి రాగం. బాగుంది, చాలా బాగుంది, కానీ మినుయెట్‌లోకి వేరే సభ నుంచి దారి తప్పి వచ్చినట్టుంది. బీ ఫ్లాట్ నుంచి సీ షార్ప్‌కి ఉన్న ఆ పెద్ద అంగే కారణం. ఎక్కేటప్పుడు బీ ఫ్లాట్‌ని మామూలు బీ చేస్తే గౌరీమనోహరి, దిగేటప్పుడు మామూలు సీ, బీ ఫ్లాట్ పెడితే నటభైరవి. పడమటి వాళ్ళు మెలోడిక్ మైనర్ అనేది ఈ రెండింటి జోడీనే. మార్చేశాను. పూర్తిగా వదులుకోవడానికి మనసొప్పక కీరవాణి అంగ ఒకటి తర్వాతి సగం కోసం దాచిపెట్టాను.

తొమ్మిదో వారం

మూత తీశాను. కాగితం మీద శుభ్రంగా ఉన్నది పియానో మీద బురదగా వినపడింది. 8వ బార్‌లో ఎఫ్ కార్డ్‌ని మిడిల్ సీకి (పియానో నడిమధ్య ఉండే సీకి) ఒక ఆక్టేవ్ (స్థాయి) కంటే ఎక్కువే కిందగా, అట్టడుగున మూడు నోట్లూ దగ్గరదగ్గరగా కుక్కేశాను. అంత కింద మూడో దూరాలు పెడితే తీగల ఉపస్వరాలు (అసలు స్వరంతో పాటే సన్నగా మోగే పై స్వరాలు) ఒకదాన్నొకటి రుద్దుకుంటాయి. కార్డ్ వినపడదు, గొణుగుడు వినపడుతుంది. మధ్య నోటుని ఒక ఆక్టేవ్ పైకి ఎత్తితే తేటపడింది, కానీ అది పదో దూరం, నా చెయ్యి తొమ్మిది దాకే చాపుతుంది. చివరికి మొదటి బీట్‌లో ఎఫ్ ఒక్కటే, మిగతా రెండూ తర్వాతి బీట్లలో. పెడల్ రెండు బీట్లకి పట్టి మూడో బీట్‌కి వదిలేస్తే చాలు.

పదకొండో వారం

రెండో సగం అనుకున్నంత ఏడిపించలేదు. 9, 10 బార్లలో డీ సెవెంత్ నుంచి జీ మైనర్‌కి, అదే బాణీ ఒక మెట్టు కింద 11, 12 బార్లలో సీ సెవెంత్ నుంచి ఎఫ్‌కి. 18వ శతాబ్దంలో అందరూ వాడిన అరిగిపోయిన దారి, అందుకే వాడాను. దాని తర్వాత నేరుగా నాలుగు బార్లలో ముగిస్తే బస్సు కోసం పరిగెత్తుతున్నట్టుంది. మధ్యలో ఇంకో నాలుగు బార్లు చేర్చి బేస్‌లో ‘ఏ’ అనే నోటుని నిలబెట్టాను. పియానో శబ్దం ఆర్గాన్‌లా నిలవదు, సన్నగిల్లిపోతుంది, కాబట్టి ప్రతి బార్ మొదట్లో ‘ఏ’ని మళ్ళీ కొట్టాలి. దాచిన కీరవాణి 14వ బార్‌లో పెట్టాను. అక్కడ సరిగ్గా కూర్చుంది.

మొత్తం 20 బార్లు. రెండు సగాలూ రెండేసిసార్లు వాయిస్తే 120 బీట్లు. మెట్రోనోమ్ (తాళం కొట్టే యంత్రం) 120 మీద, అంటే నిమిషానికి 120 బీట్ల వేగంతో, ఒక్క నిమిషం.

పదమూడో వారం

మ్యూజ్‌స్కోర్ అనే నొటేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి ప్లే నొక్కితే అద్భుతంగా వాయించింది. దానికి చేతులుంటే తెలిసేది. 16వ బార్‌లో ఎడమ చెయ్యి కింది ‘ఏ’ నుంచి రెండు ఆక్టేవ్‌లు పైకి, ఒక ఎయిత్ నోట్ (అర బీట్) సందులో ఎగరాలి. 120 మీద అది పావు సెకను. మూడు రోజులు గంతులేయించి, నాలుగో రోజు ఆ పై నోటుని కుడి చేతి బొటనవేలికి అప్పగించాను. అది అక్కడ ఊరికే కూర్చుని ఉంది.

సాధన 60 దగ్గర మొదలుపెట్టి, వరసగా మూడుసార్లు తప్పులేకుండా వస్తేనే 4 పెంచుతున్నాను. నా పాటే నాకు రాకపోవడం వింతగా ఉంది.

పదిహేనో వారం

డిజిటల్ పియానోని యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగిలించి రికార్డ్ చేశాను. బాణీ ఎక్కడో గోడ వెనక నుంచి వస్తున్నట్టుంది. మిడీ నమోదు (ఏ మెట్టు ఎప్పుడు, ఎంత గట్టిగా నొక్కానో రాసుకునే ఫైలు) తెరిచి చూస్తే సంగతి తెలిసింది. దెబ్బ బలం 1 నుంచి 127 దాకా రాస్తుందది. బాణీ పలికే కుడి చేతి చివరి రెండు వేళ్ళూ 58 దగ్గర ఉన్నాయి, ఎవరూ అడగని ఎడమ బొటనవేలు 74 మీద ఉంది. వారం పాటు బాణీ ఒక్కటే గట్టిగా, మిగతావి మెట్టు కిందికి పోకుండా ఊరికే తాకుతూ సాధన చేశాను. ఇప్పుడు బాణీ 76, బొటనవేలు 52. అది చాలక 5, 6 బార్లలో రెండుసార్లు పలుకుతున్న మధ్య నోటుని రాతలోనే తీసేశాను. తీసేశాక లోటేమీ తెలియలేదు.

ప్రస్తుతం 108 దగ్గర ఉన్నాను. 112కి వెళ్తే 11వ బార్‌లో నాలుగో వేలు తడబడుతోంది. అక్కడ వేళ్ళ వరస మార్చి 3, 1, 2 (బొటనవేలు 1) అని పెన్సిల్‌తో రాసుకున్నాను.

పక్కన ట్రయో (మినుయెట్‌కి జోడీగా వచ్చే నడిమి భాగం) కూడా మొదలైంది, డీ మేజర్‌లో. పియానో దగ్గర కూర్చునే రాశాను, షరతు మర్చిపోయి. 6 బార్లు చకచకా వచ్చేశాయి. కాగితం మీద పెట్టి చూస్తే ఎడమ చేతిలో డీ, దాని పంచమం, పై డీ. తర్వాతి బార్‌లో అదే పంజా సీ షార్ప్ మీద. రబ్బరు ఎక్కడ పెట్టానో వెతుకుతున్నాను.