కిలోమీటర్లు చూసి గంటలు లెక్కేయకండి

దూరప్రయాణం అనగానే చాలామంది మొదట వెతికేది ఆ రెండు ఊళ్ల మధ్య ఎన్ని కిలోమీటర్లు అని. ఆ అంకెని 900తో భాగించి, విమానం అంత వేగంతో పోతుంది కాబట్టి ఇన్ని గంటల్లో దిగిపోతాం అనుకుంటారు. దగ్గరి ఊళ్లకైతే సరే, ఖండాలు దాటేటప్పుడు మాత్రం ఆ లెక్క నిలబడదు.

ఢిల్లీ–శాన్ ఫ్రాన్సిస్కో సంగతే చూడండి. ఎయిర్ ఇండియా మొదట్లో ఈ విమానాన్ని అట్లాంటిక్ మీదుగా నడిపేది, దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో దాన్ని తూర్పుకి తిప్పి పసిఫిక్ మీదుగా పంపితే దూరం 15,300 అయింది, అయినా పద్నాలుగున్నర గంటల్లో, పాత దారి కంటే ముందే చేరిపోయింది! పైగా తెల్లవారుజామున 4కి బయల్దేరితే, గడియారం పన్నెండున్నర గంటలు వెనక్కి వెళ్తుంది కాబట్టి, అక్కడ అదే రోజు పొద్దున 6కి దిగుతారు. టికెట్ మీద ఉండేవి ఏ ఊరి టైమ్ ఆ ఊరిది, వాటిని తీసివేసి ప్రయాణం రెండు గంటలే అనుకుంటే ఎలా?

దూరం పెరిగినా విమానం ముందే చేరడానికి కారణం గాలి. నేల నుంచి 9–12 కిలోమీటర్ల ఎత్తులో, అంటే సరిగ్గా విమానాలు తిరిగే ఎత్తులో, పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే బలమైన గాలి వీస్తూ ఉంటుంది, చలికాలంలో దాని వేగం గంటకి 200 కిలోమీటర్లు దాటడం మామూలే. తూర్పుకి పోయే విమానాన్ని అది వెనక నుంచి తోస్తుంది, పడమటికి పోయేదానికి ఎదురు తగులుతుంది. అందుకే న్యూయార్క్ నుంచి లండన్‌కి సుమారు 7 గంటలైతే, తిరుగు ప్రయాణానికి 8 పడుతుంది. 2020 ఫిబ్రవరిలో ఒక తుఫాను రోజున బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఇదే దారిలో 5 గంటల లోపే లండన్ చేరింది.

ఇంకోటి, ఇంటర్నెట్‌లో కనిపించే దూరం భూగోళం మీద దారం లాగి కొలిచినంత పొట్టి దారి. విమానం అచ్చంగా ఆ దారినే పోవాలని లేదు, ఏదైనా దేశం తన గగనతలం మూసేస్తే చుట్టూ తిరగాల్సిందే. 2022లో రష్యా మీదుగా దారి మూసుకుపోయాక హెల్సింకీ–టోక్యో తొమ్మిదిన్నర గంటల నుంచి 13 గంటల దాకా వెళ్లింది. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి!

కాబట్టి టికెట్ కొనేటప్పుడు కిలోమీటర్లు వదిలేసి, షెడ్యూల్‌లో ఇచ్చిన మొత్తం ప్రయాణ సమయం చూడండి, వెళ్లేటప్పటిది వేరుగా, వచ్చేటప్పటిది వేరుగా. రన్‌వే దాకా మెల్లగా సాగే సమయం కూడా అందులో కలిపే ఉంటుంది. మధ్యలో విమానం మారాల్సి ఉంటే, ముఖ్యంగా చలికాలంలో పడమటి వైపు వెళ్తుంటే, రెండు ఫ్లైట్ల మధ్య కాస్త ఎక్కువ గ్యాప్ పెట్టుకోండి, ఎదురుగాలికి మొదటిది లేటైనా రెండోది అందుతుందో లేదోనన్న టెన్షన్ ఉండదు.