మొక్కల్లో సాలీళ్ల గొడవ: నా అనుభవం

సాలీడంటే నాకు చిన్నప్పటి నుంచీ భయం. కుండీల మధ్య, పందిరి కింద, గులాబీ కొమ్మల్లో ఎక్కడ చూసినా గూళ్లు కనిపించేసరికి నిజంగానే టెన్షన్ పట్టుకుంది. నీళ్లు పోయడానికి వెళ్తే చాలు, మొహానికి దారాలు చుట్టుకునేవి. ఏదో ఒక పురుగుల మందు తెచ్చి కొట్టేద్దామా అని చాలా అనిపించింది గానీ, వండుకునే వంకాయలు, బెండకాయలు కూడా అక్కడే కాస్తున్నాయి, పైగా దేనికి కొడుతున్నామో తెలియకుండా మందు కొట్టడం నాకు నచ్చదు. అందుకే ముందు ఒక్కో మొక్క దగ్గరా ఆగి బాగా చూశాను.

చూస్తే అక్కడున్నవన్నీ సాలీళ్ల గూళ్లు కావు. వంగ మొక్క లేత కొమ్మలకి, ఆకుల అడుగున పొడి పట్టినట్టు సన్నటి దారాల బూజు అల్లుకుని ఉంది, ఆకుల పైన సూదితో పొడిచినట్టు పసుపు చుక్కలు. ఒక తెల్ల కాగితం ఆకు కింద పెట్టి వేలితో తట్టాను. రాలిన నలకల్లో కొన్ని మెల్లగా పాకడం మొదలుపెట్టాయి! అది ఎర్రనల్లి. దానికీ ఎనిమిది కాళ్లే, సాలీడు బంధువర్గమే, కానీ అర మిల్లీమీటరు కూడా ఉండదు, ఆకు రసం పీల్చి బతుకుతుంది. సాలీడు ఆకు జోలికి రాదు, పురుగుల్ని తింటుంది. ఈ తేడా తెలియకపోతే మొక్కని పాడుచేసేదాన్ని వదిలేసి, కాపాడేదాన్ని చంపుకుంటాం.

ముందు నల్లి పని పట్టాను. బాగా ముదిరిన ఆకులు కోసి కవర్‌లో కట్టి పారేశాను, కుండీలో వదిలితే పక్క మొక్కకి పాకుతుంది. తర్వాత ఆకుల అడుగుభాగానికి తగిలేలా నీళ్లు గట్టిగా కొట్టాను, ఇది చాలామంది తేలిగ్గా తీసుకుంటారు గానీ సగం పని దీనితోనే అవుతుంది, నల్లికి వేడీ పొడి గాలీ ఇష్టం, తడి పడదు. ఆ తర్వాత ఎండ తగ్గాక లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త ద్రవ సబ్బు వేసి, నూనె విడిపోకుండా మధ్యమధ్యలో కుదుపుతూ పిచికారీ చేశాను. మొదట ఒకటి రెండు ఆకుల మీద కొట్టి మర్నాడు మాడలేదని చూసుకున్నాకే మొక్కంతా తడిపాను. ఒక్కసారితో పోదు. గుడ్లు మిగిలిపోతాయి, వేడి కాలంలో గుడ్డు నుంచి పెద్ద నల్లి కావడానికి వారం చాలు, కాబట్టి వారం తిరక్కముందే మళ్లీ కొట్టాలి, కొత్త ఆకులు శుభ్రంగా వచ్చేదాకా వదలకూడదు. ఘాటు మందులు ఎందుకు వద్దంటానంటే, వాటిలో చాలా రకాలు నల్లిని తినే మంచి పురుగుల్ని కూడా చంపేస్తాయి, దాంతో నల్లి ముందుకంటే ఎక్కువవుతుంది.

ఇక అసలు సాలీళ్లు. తిండి ఉన్నచోటే అవి కాపురం పెడతాయి. తలుపు దగ్గర లైటు రాత్రంతా వెలుగుతుంటే దానికి రెక్కల పురుగులు, వాటి కోసం సాలీళ్లు. లైటు అవసరమైనప్పుడే వేయడం మొదలుపెట్టాను, తెల్ల బల్బు తీసి పసుపు రంగుది పెట్టాను. బెండ చివుళ్లకి గుంపుగా పట్టిన పేనుబంకని, అంటే రసం పీల్చే చిన్న పురుగుల్ని, నీళ్లతో కడిగేశాను. గోడవారగా పేరుకున్న ఎండుటాకులు, ఖాళీ కుండీలు తీసేశాను. నడిచే దారికి అడ్డంగా కట్టిన గూళ్లని పొడుగు కర్రతో రోజూ తీసేస్తూ వచ్చాను. కొన్నాళ్లు పట్టుదలగా మళ్లీ అక్కడే కట్టాయి, తర్వాత చోటు మార్చుకున్నాయి. తలుపు చుట్టుపక్కల గుడ్ల సంచులు కనిపిస్తే మాత్రం వెంటనే తీసేయాలి, ఒక్కో దాంట్లో వందల పిల్లలు ఉండొచ్చు. మనుషులు కూర్చునే చోటికి వచ్చిన సాలీడు మీద గ్లాసు బోర్లించి, కింద అట్ట దూర్చి, దూరంగా పొదల్లో వదిలేస్తున్నాను.

మొక్కల లోపలివాటిని కదపలేదు. గులాబీల మధ్య ఒకటి గూటి మధ్యలో తెల్లటి దారంతో ఇంటూ గుర్తులా అల్లుకుని, తల కిందికి పెట్టి ఉండేది. ఒకసారి దాని గూట్లో మిడత పడింది. అది తన్నుకునేలోపే సాలీడు చరచరా వచ్చి, వెనక కాళ్లతో దారం పట్టీలా లాగి మిడతని తిప్పితిప్పి చుట్టేసింది. ఆ మిడత గులాబీ చివుళ్లు కొరికే రకమే. నాకు భయం పూర్తిగా పోయిందని చెప్పను గానీ, వాటిని చూసి వెనక్కి పరిగెత్తడం మాత్రం మానేశాను.

తోటపనికి గ్లౌజులు వేసుకుంటాను, బయట వదిలిన బూట్లు దులిపి తొడుక్కుంటాను. చాలా సాలీళ్లు మన జోలికి రావు, చేతికింద నలిగితే కరుస్తాయి. కరిచాక వాపు, నొప్పి పెరుగుతూ పోతే చిట్కాలతో ఆగకుండా డాక్టరుకి చూపించుకోవాలి. నల్లి మాత్రం ఎండలు ముదిరితే మళ్లీ వస్తుంది, అందుకే నీళ్లు పోసేటప్పుడల్లా వంగ ఆకులు రెండు మూడు తిప్పి చూస్తున్నాను.