అరచేతిలో ఇమిడే ముఖం

18వ శతాబ్దపు ఇంగ్లండులో దూరమెళ్లే భర్త భార్యకు ఇచ్చి వెళ్లే గుర్తుల్లో చిన్న లాకెట్ ఒకటి. ముందు రంగులతో గీసిన ఆయన చిన్న ముఖచిత్రం (మినియేచర్), వెనక గాజు కింద అల్లిన జుట్టు పాయ. గోడకు తగిలించేది కాదిది, గుండె మీద వేసుకునేది. 1785లో యువరాజు జార్జి (తర్వాత రాజైన నాలుగో జార్జి), తాను ప్రేమించిన మరియా ఫిట్జ్‌హెర్బర్ట్‌కు తన కన్ను ఒక్కటే గీయించి పంపాడు; అదే ఏడు ఇద్దరూ రహస్యంగా పెళ్లాడారు. కన్ను ఎవరిదో పరాయివాళ్లు పోల్చుకోలేరు, ప్రేమించినవాళ్లు పోల్చుకుంటారు.

మొదట్లో ఈ చిన్న బొమ్మలను, దూడ చర్మాన్ని పేకముక్కకు అంటించి దాని మీద గీసేవారు. 1700 ప్రాంతంలో వెనీసు చిత్రకారిణి రొసాల్బా కారియేరా ఏనుగు దంతం వాడకం తెచ్చింది. దంతం మీద నీటిరంగు జారిపోతుంది. అందుకే పలుచటి పలకను ప్యూమిస్ (అగ్నిపర్వత నురగరాయి) పొడితో రుద్ది, జిడ్డు తీసి, తుమ్మజిగురు కలిపిన రంగును సన్నని చుక్కలుగా, గీతలుగా పేర్చాలి. ముఖం దగ్గర రంగు పలచగా ఉంటేనే దంతపు తెలుపు కిందినుంచి చర్మంలా మెరుస్తుంది. దట్టంగా వేస్తే ముఖం చచ్చిపోతుంది. బట్టలకు మాత్రం దట్టమైన రంగే బాగుంటుంది.

ఇలాంటిది మీ దగ్గరుంటే తడిగుడ్డ తగలనివ్వకండి. జిగురు కరిగి రంగు లేచిపోతుంది. గాలిలో తేమ హెచ్చుతగ్గులైతే దంతం వంగి చీలుతుంది. ఎండకు ముందు వెలిసేది బుగ్గల ఎరుపే. గాజు లోపలివైపు సన్నటి బిందువులు కనిపిస్తే అది బయటి తేమే అనుకోకండి, గాజులోంచి క్షారం ఊరుతూ ఉండొచ్చు. అది బొమ్మ మీద పడకముందే నిపుణుల చేత గాజు మార్పించాలి. మీరే విప్పొద్దు.